ట్యాంకు మీది పాత రేడియో: బాగు చేయించాలా, పీకేయాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నది ఒడ్డున ఒక పంప్ హౌస్, ఊళ్లో నాలుగు ఓవర్‌హెడ్ ట్యాంకులు. ట్యాంకుల్లో నీళ్లు ఎంత ఉన్నాయో 2004లో పెట్టిన వీహెచ్‌ఎఫ్ (150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల పనిచేసే) రేడియో సెట్లు పంప్ హౌస్‌కి చెప్తుంటాయి. ఇప్పుడు రెండో ట్యాంకు అప్పుడప్పుడు స్క్రీన్ మీంచి మాయమవుతోంది. మూడోది పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒకే అంకె చూపిస్తోంది. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. వచ్చిన వెండరేమో "మొత్తం పీకేసి సిమ్ కార్డు సిస్టమ్ పెడదాం సార్, ఫోన్‌లోనే చూసుకోవచ్చు" అంటున్నాడు. మీ పై ఇంజనీరు డీఈ గారు వారంలో నోట్ పెట్టమన్నారు. బాగు చేయించాలా, మార్చాలా?

మార్చాల్సిన రోజు ఎలాగూ వస్తుంది. కానీ ఏది చెడిందో తేలకుండా నోట్ రాయకండి. నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరి ఇరవై ఏడేళ్లు ఇలాంటి స్కీముల్లోనే తిరిగాను. "రేడియో పోయింది, రండి" అని పిలిచిన చోట నిజంగా రేడియోనే పోయినవి తక్కువ. పోయేవి దాని చుట్టూ ఉన్నవి: బ్యాటరీ, కేబుల్, యాంటెన్నా, సెన్సర్. ఇవి రేపు మీరు సిమ్ కార్డు సిస్టమ్ పెట్టినా అక్కడే ఉంటాయి, అప్పుడూ ఇలాగే పోతాయి.

ఒక ఊరి సంగతి చెప్తాను. అక్కడ వాన పడినప్పుడల్లా ఒక ట్యాంకు కనబడకుండా పోయేది. రెండు రోజులు ఎండ కాస్తే దానంతటదే తిరిగొచ్చేది. రేడియో సెట్ రెండుసార్లు మార్చారు, లాభం లేదు. కింద ప్యానెల్ దగ్గర వాట్‌మీటర్ పెట్టి చూస్తే 5 వాట్లు వెళ్తోంది, వెనక్కి తిరిగొచ్చేది దాదాపు సున్నా. అంటే యాంటెన్నా బ్రహ్మాండంగా ఉన్నట్టు లెక్క. అందరూ అక్కడే మోసపోయారు. నేను మీటర్‌ని నడుముకు కట్టుకుని ట్యాంకు పైకెక్కి, యాంటెన్నా దగ్గర కొలిచాను. అర వాట్ కూడా లేదు. కేబుల్‌ని పై కొన నుంచి ఒక అడుగు దిగువన కోసి, కత్తితో నల్ల తొడుగు చీల్చాను. లోపలి రాగి అల్లిక మసి పట్టినట్టు నల్లగా ఉంది, అక్కడక్కడ పచ్చని చిలుము. కేబుల్ కిందికి వంచితే అరచేతిలో నాలుగు చుక్కల నీళ్లు పడ్డాయి. కనెక్టర్ మీద చుట్టిన టేపు ఎండకు పగిలిపోయి, వాన నీళ్లు గొట్టంలోకి దిగినట్టు కేబుల్‌లోకి దిగాయన్నమాట. పైకి వెళ్లే పవర్‌ని ఆ కేబుల్ తినేసేది, యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్‌నీ తినేసేది. అందుకే కింద మీటర్‌కి అంతా బాగున్నట్టు కనబడింది.

కాబట్టి రెండో ట్యాంకు దగ్గర ముందు ఇదే చూడండి. కింద ఒకసారి, పైన ఒకసారి కొలవండి. కింద 5 వాట్లు వెళ్లి 0.2 వాట్ వెనక్కి వస్తుంటే ఫర్వాలేదు. 1 వాట్ తిరిగొస్తుంటే యాంటెన్నానో కనెక్టరో చెడినట్టే. కింద బాగుండి పైకి పవర్ చేరకపోతే కేబుల్. కేబుల్ ఏ రకమో కూడా చదవండి, తొడుగు మీదే అచ్చు వేసి ఉంటుంది. అప్పట్లో చాలామంది కాంట్రాక్టర్లు సన్నటి ఆర్‌జీ-58 వేసి బిల్లు చేసుకున్నారు. అది 30 మీటర్లు వేస్తే 150 మెగాహెర్ట్జ్ దగ్గర పవర్‌లో ముప్పాతిక వంతు దారిలోనే పోతుంది, కేబుల్ కొత్తదైనా సరే. అదే లావుపాటి ఎల్‌ఎంఆర్-400 అయితే సుమారు 70 శాతం పైకి చేరుతుంది. కొత్త కేబుల్ వేసేటప్పుడు కనెక్టర్ మీద సాగే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు చుట్టాలి. ప్యానెల్‌లోకి పోయే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పాలి. కేబుల్ వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కింద పడిపోతాయి. ఈ వంపు లేక ప్యానెల్‌లోకి నీళ్లు దిగిన కేసులు నేను లెక్కపెట్టడం మానేశాను.

యాంటెన్నా ఎటు చూస్తోందో కూడా గమనించండి. యాగీ యాంటెన్నా (పాత టీవీ యాంటెన్నా లాంటిది) పుల్లలు నిలువుగా ఉండాల్సిన చోట, రంగులు వేయడానికి ఎక్కినవాళ్లు విప్పి మళ్లీ అడ్డంగా బిగించిన సందర్భాలున్నాయి. పంప్ హౌస్ దగ్గర యాంటెన్నా నిలువు, ట్యాంకు దగ్గరది అడ్డం అయితే సిగ్నల్ దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. ఇక కోతులు. వాటికి యాగీ యాంటెన్నా అంటే ఉయ్యాల.

బ్యాటరీ గురించి ఒక్క మాటలో చెప్పొచ్చు గానీ, అందరూ తప్పుగా కొలిచేది దీన్నే. మల్టీమీటర్ పెట్టి "12.6 ఉంది సార్, బాగానే ఉంది" అంటారు. రేడియో వింటున్నప్పుడు తీసుకునే కరెంటు కొంచెమే. మాట్లాడేటప్పుడు, అంటే ట్రాన్స్‌మిట్ అయ్యేటప్పుడు ఒకటిన్నర, రెండు ఆంప్స్ లాగుతుంది. ముసలి బ్యాటరీ అప్పుడు 9 వోల్టులకు కూలబడుతుంది, ఆర్‌టీయూ (ట్యాంకు ప్యానెల్‌లో రీడింగ్ తీసుకుని రేడియోకిచ్చే చిన్న కంప్యూటర్) రీసెట్ అవుతుంది, జవాబు సగంలో తెగిపోతుంది. పంప్ హౌస్‌లో వాళ్లకి అది "రేడియో రావట్లేదు"గా కనబడుతుంది. పంప్ హౌస్‌లోని మాస్టర్ సెట్ ఆ ట్యాంకుని పిలిచే క్షణంలో మీటర్ మీద చూపు ఉంచండి. 11.5కి దిగువకి పడితే బ్యాటరీ మార్చండి. సీల్డ్ బ్యాటరీ ఆయుష్షు మంచి చోట మూడు నుంచి ఐదేళ్లు. రెంటచింతల ఎండలో ఇనుప డబ్బాలో కూర్చుంటే అంతకూడా ఆశించవద్దు. ఛార్జర్ వోల్టేజీ 13.5 నుంచి 13.8 మధ్య ఉందో లేదో చూడండి. ఎక్కువైతే అదే బ్యాటరీని ఉడకబెట్టి చంపుతుంది. పవర్ సప్లై బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా చూడండి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుంది. మార్చడానికయ్యేది ఒక టీ ఖర్చు, ఒక గంట పని.

ఇప్పుడు మూడో ట్యాంకు. అది మాయం కావట్లేదు, ఒకే అంకె చూపిస్తోంది. నాకు దీని మీదే ఎక్కువ భయం. మాయమైతే ఆపరేటర్‌కి తెలుస్తుంది, వాల్వ్ మనిషికి ఫోన్ చేస్తాడు. ఒకే అంకె చూపిస్తే నమ్ముతాడు. ఒక చోట స్క్రీన్ మీద 3.2 మీటర్లు అని ఉంటే ఆపరేటర్ నిశ్చింతగా పంపు ఆపి పడుకున్నాడు. తెల్లారి వీధుల్లో బిందెలు పట్టుకుని జనం. చూస్తే అది ముందు రోజు మధ్యాహ్నం వచ్చిన ఆఖరి రీడింగ్. రేడియో జవాబు ఆగిపోతే మాస్టర్ పాత అంకెనే పట్టుకుని కూర్చునేలా ప్రోగ్రామ్ రాశారు. మీ సిస్టమ్‌లో కూడా ఇదే ఉందేమో ముందు తేల్చుకోండి. మూడో ట్యాంకు దగ్గర రేడియో స్విచ్ ఆపండి. పంప్ హౌస్‌లో అంకె పోతే సరే. అలాగే నిలబడి ఉంటే మీ స్క్రీన్ మీకు అబద్ధం చెప్తోంది. అది సరిచేసేదాకా ఆ అంకెల పక్కన చివరిసారి వచ్చిన టైమ్ కనబడేలా చేయించండి, కుదరకపోతే కాగితం మీద రాసి అతికించండి.

రేడియో ఆపితే అంకె పోయింది, వేస్తే మళ్లీ అదే అంకె వచ్చిందా? అయితే సెన్సర్. టెర్మినల్ దగ్గర ఒక తీగ విప్పి మిల్లీ ఆంప్స్ కొలవండి. మన 4-20 మిల్లీ ఆంప్స్ పద్ధతిలో ఖాళీ ట్యాంకుకి 4, నిండు ట్యాంకుకి 20. ట్యాంకు లోతు 4 మీటర్లయితే 12 వస్తే 2 మీటర్ల నీళ్లు. 4 కన్నా బాగా తక్కువ ఉంటే తీగ తెగిందనో సెన్సర్ చచ్చిందనో అర్థం. సున్నా నీళ్లకి సున్నా కరెంటు పెట్టకుండా 4 పెట్టింది ఇందుకే, ఖాళీ ట్యాంకుకీ తెగిన తీగకీ తేడా తెలియాలని. తర్వాత టేపు పట్టుకుని పైకెక్కి నీటి మట్టం స్వయంగా కొలిచి పోల్చండి. అల్ట్రాసోనిక్ సెన్సర్ అయితే దాని ముఖం మీద సాలెగూడు, ఆవిరి చుక్కలు, కందిరీగల మట్టి గూడు ఉన్నాయేమో చూడండి. ముఖానికి అడ్డంగా ఏదైనా ఉంటే అది ఆ దూరాన్నే కొలుస్తూ కూర్చుంటుంది. నీళ్లలో వేలాడే ప్రెషర్ సెన్సర్ అయితే కేబుల్ లోపల గాలి పోయే సన్నటి గొట్టం ఉంటుంది. పైన జంక్షన్ బాక్సులో దాని కొన మూసుకుపోయి ఉండొచ్చు.

ఇవన్నీ చూసేసరికి మీ రెండు ట్యాంకులూ తిరిగి రావచ్చు. అయినా మీ సిస్టమ్ పాతదన్న మాట మారదు. అందుకని బాగైన మర్నాడే ఒక పని చేయండి. దాని ఒంట్లో ఏముందో కాగితం మీదికి తెచ్చుకోండి. ప్రతి ప్యానెల్‌లో డిప్ స్విచ్‌ల (చిన్న సెట్టింగ్ మీటల) ఫోటోలు, స్టేషన్ నంబర్లు, బాడ్ రేటు (డేటా వేగం), ఫ్రీక్వెన్సీ, తీగల నంబర్లు. ఆర్‌టీయూ ప్రోగ్రామ్ ఈప్రామ్ (పైన చిన్న గాజు కిటికీ ఉండే మెమరీ) చిప్‌లో ఉంటే ఎవరిచేతైనా రీడ్ చేయించి కాపీ పెట్టుకోండి. చిప్ కిటికీ మీది స్టికర్ మాత్రం పీకకండి, వెలుతురు తగులుతూ ఉంటే డేటా మెల్లగా చెరిగిపోతుంది. ప్రోగ్రామ్ ర్యామ్‌లో ఉండి చిన్న లిథియం సెల్ దాన్ని కాపాడుతుంటే ఇంకా జాగ్రత్త. సెల్ చచ్చి, అదే రోజు కరెంటూ పోతే ప్రోగ్రామ్ గాలిలో కలిసిపోతుంది. ఆ కంపెనీ వాళ్లు దొరకరు, రాసినతను ఎక్కడున్నాడో తెలియదు. పాత రేడియోలకి ఫ్రీక్వెన్సీ వేసే డాస్ సాఫ్ట్‌వేర్ కొన్ని కొత్త కంప్యూటర్ల వేగానికి తట్టుకోలేక తెరవగానే ఆగిపోతాయి. ఆఫీసు అటకమీద సీరియల్ పోర్టున్న పాత లాప్‌టాప్ ఉంటే వేలంలో అమ్మనివ్వకండి.

లైసెన్స్ ఫైలు కూడా వెతకండి. వీహెచ్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీ మీ మున్సిపాలిటీకి కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చి ఉంటుంది, దానికి ఏటా కట్టాల్సినవి ఉంటాయి. చాలా చోట్ల మొదటి కాంట్రాక్టర్ కట్టాక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఈ పనులు సరళ్ సంచార్ పోర్టల్‌లో జరుగుతున్నాయి. లైసెన్స్ బతికి ఉంటే అది మీ ఆస్తి, తేలిగ్గా వదులుకోకండి. చచ్చి ఉంటే మార్చడానికి అదొక గట్టి కారణం, నోట్‌లో రాయండి. మనసుకు తోచిన ఫ్రీక్వెన్సీకి సెట్ మార్చడం, పవర్ పెంచడం మాత్రం వద్దు.

ఇక మార్చడం. వెండర్ చెప్పే సిమ్ కార్డు పద్ధతి చెడ్డదని నేను అనను. కానీ పాతబడటం అనే రోగానికి అది మందు కాదు. ఎయిర్‌టెల్ తన 3జీని 2020లో మూసేసింది. జియోకి 2జీ అన్నదే లేదు. ఆ కాలంలో "లేటెస్ట్" అని 3జీ మోడెమ్‌లు కొన్నవాళ్లు మీ వీహెచ్‌ఎఫ్ సెట్ల కన్నా ముందే ఇబ్బందిలో పడ్డారు. మీది 2004 నుంచి పనిచేస్తోంది, అది గుర్తుపెట్టుకోండి. సిమ్ పద్ధతికే వెళ్తే 2జీ మాత్రమే ఉన్న మోడెమ్ తీసుకోవద్దు, 4జీ ఉండి తీరాలి. షాపులో కొన్న మామూలు ప్రీపెయిడ్ సిమ్ వేయనివ్వకండి. యంత్రాలకిచ్చే 13 అంకెల ఎం2ఎం సిమ్‌లు ఉన్నాయి, అవే అడగండి. రీచార్జ్ ఏ బడ్జెట్ హెడ్ నుంచి కడతారో ఇప్పుడే తేల్చండి. బిల్లు పాస్ కాక ట్యాంకులు చీకట్లో పడ్డ ఊరు నాకు తెలుసు. ఇంకోటి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో సెల్ టవర్లు పనిచేయక ఫోన్లు మూగబోయాయి. నీళ్లు ఎంత ఉన్నాయో తెలియాల్సింది సరిగ్గా అలాంటి రోజుల్లోనే. తీరప్రాంతంలో ఉన్నవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

పరాయి చేతిలో ఉన్న సిగ్నల్ మీద ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే బ్రిటన్ వైపు చూడండి. అక్కడ లక్షల ఇళ్లలో కరెంటు మీటర్ పక్కన ఒక రేడియో స్విచ్ ఉండేది. 1980లలో మొదలైన పద్ధతి. బీబీసీ వాళ్ల 198 కిలోహెర్ట్జ్ లాంగ్ వేవ్ ప్రసారంలోనే, వినేవాళ్లకి తెలియకుండా సంకేతాలు కలిపి పంపితే, ఆ స్విచ్‌లు రాత్రి చవక రేటు కరెంటుని, హీటర్లని ఆన్, ఆఫ్ చేసేవి. ఇళ్లలోని స్విచ్‌లు అప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయి. పంపే వైపు యంత్రాలు ముసలివయ్యాయి, విడిభాగాలు దొరకడం కష్టమైంది. దాంతో 2025 జూన్ 30 నుంచి దశలవారీగా ఆపడం మొదలుపెట్టి, ఇళ్లలో స్మార్ట్ మీటర్లు పెడుతూ వచ్చారు. మీ ఊళ్లో అలా కాదు. రెండు కొనలూ మీవే. ఎప్పుడు ఆపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ఆ సౌకర్యం ఊరికే వదులుకోవద్దని నా అభిప్రాయం.

అందుకే నన్నడిగితే లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ రేడియోలు మీకు సరిపోతాయి. 2005లో 865 నుంచి 867 వరకు వదిలారు, 2021లో 868 దాకా పెంచారు. ట్రాన్స్‌మిటర్ పవర్ 1 వాట్ దాటకూడదు. పరికరానికి టైప్ అప్రూవల్ కాగితం ఉండాలి. ఇక్కడో మెలిక ఉంది. యూరప్ కోసం తయారైన లోరా (తక్కువ పవర్‌తో చిన్న చిన్న సందేశాలు దూరానికి పంపే రేడియో పద్ధతి) పరికరాలు మామూలుగా 868.1, 868.3, 868.5 మీద మాట్లాడతాయి. మూడూ మన హద్దు దాటినవే. "868 అంటే మనదే కదా సార్" అని అంటగడతారు. మన దేశపు ఛానెళ్లు 865.0625, 865.4025, 865.985. అవి సెట్ చేసి చూపించమనండి. అమెరికా 915 పరికరాలు ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఈ బ్యాండ్ వీహెచ్‌ఎఫ్ లాగా చెట్లని, గుట్టలని చుట్టుకుని పోదు. తడిసిన కొబ్బరి తోట అడ్డొస్తే బాగా తగ్గిపోతుంది. మీ అదృష్టం, యాంటెన్నా పెట్టేది ట్యాంకు నెత్తిన. పంప్ హౌస్ వైపే ఒక పొడవు పైపు నిలబెట్టాల్సి రావచ్చు. పైకెక్కి ఒక్కో ట్యాంకు నుంచి పంప్ హౌస్ కంటికి కనబడుతుందో లేదో చూసుకోండి. నీటి మట్టం ఐదు నిమిషాలకోసారి పంపడానికి లోరా చక్కగా సరిపోతుంది. పంపు ఆపమని, వాల్వ్ మూయమని ఆజ్ఞ పంపడానికి మాత్రం మామూలు క్లాస్ ఏ పరికరం పనికిరాదు. అది తాను మాట్లాడిన వెంటనే కాసేపు వింటుంది, మిగతా టైమంతా నిద్రే. మీరు అరిచినా వినదు. పంపు ఆపే పనికి ట్యాంకు నిండితే తెగే ఫ్లోట్ స్విచ్‌నో, పంప్ హౌస్‌లో ప్రెషర్ స్విచ్‌నో తీగతో స్టార్టర్‌కి కట్టి ఉంచండి. రేడియో ఉన్నా లేకపోయినా, క్లౌడ్ ఉన్నా లేకపోయినా అది పనిచేయాలి.

మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి పీకకండి. ముందు రెండు, మూడు మార్చండి. వాటి నుంచి దిగిన పాత సెట్లు ఒకటి, నాలుగు ట్యాంకులకి విడిభాగాలవుతాయి. మార్కెట్లో దొరకని స్పేర్లు మీ స్టోర్‌లోనే దొరికినట్టు. సెన్సర్లు బాగుంటే వాటిని కదపొద్దు. 4-20 తీగలు కొత్త పరికరానికి కలిపితే చాలు, మారేది మధ్యలో రేడియో ఒక్కటే. పంప్ హౌస్ వైపు మోడ్‌బస్‌లోనే (వేర్వేరు కంపెనీల పరికరాలు మాట్లాడుకునే ఉమ్మడి భాష) అంకెలు ఇవ్వాలని టెండర్‌లో రాయండి. ఏ అంకె ఎక్కడుందో చెప్పే రిజిస్టర్ల పట్టిక, పాస్‌వర్డ్‌లు, ప్రోగ్రామ్ కాపీ చేతికిచ్చాకే ఆఖరి బిల్లు. డేటా వాళ్ల సర్వర్‌లో మాత్రమే ఉంటుందంటే ఒప్పుకోవద్దు, పదేళ్ల తర్వాత మీ సీట్లో కూర్చునేవాళ్లకి మళ్లీ ఇదే తలనొప్పి.

ఒక వానాకాలం, జూన్ నుంచి నవంబరు దాకా పాతది, కొత్తది రెండూ పక్కపక్కన నడవనివ్వండి. వేసవిలో ట్రయల్ చూపించి సంతకం పెట్టించుకోవాలని వెండర్ చూస్తాడు. వేసవిలో ప్రతి రేడియో బాగానే పనిచేస్తుంది. పిడుగుల సంగతీ వానాకాలంలోనే తెలుస్తుంది. యాంటెన్నా కేబుల్‌కి గ్యాస్ ట్యూబ్ అరెస్టర్ (పిడుగు కరెంటుని భూమిలోకి మళ్లించేది) పెట్టించి, దాని ఎర్త్, ప్యానెల్ ఎర్త్ ఒకే చోట కలిపించండి. రెండు గుంతలు తవ్వి వేర్వేరుగా వదిలేస్తే పిడుగు దగ్గర్లో పడినప్పుడు ఆ రెంటి మధ్య తేడా అంతా మీ బోర్డు గుండానే పోతుంది.

డీఈ గారికి ఈ వారం పెట్టాల్సిన నోట్‌లో ఒక కేబుల్, నాలుగు బ్యాటరీలు, అరెస్టర్లు అడగండి, మార్పిడి ప్రతిపాదనకి రెండు నెలలు గడువు అడగండి. ఈలోపు నాకు మూడు విషయాలు పంపండి: మూడో ట్యాంకు టెర్మినల్ దగ్గర మిల్లీ ఆంప్స్, రెండో ట్యాంకు రేడియో మాట్లాడేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ, యాంటెన్నా కొన దగ్గర వాట్లు. ఒంటరిగా ఎక్కకండి, మబ్బు ఉరుముతుంటే అసలు ఎక్కకండి. అవి చూశాక మిగతాది మాట్లాడుకుందాం.